తిప్ప మీద నీళ్లు నిలవవు

కొత్తపట్నం,
నవంబరు, 2024.

ఒసే ఖుర్షీ,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరూ పోలేదు, అందరం క్షేమం. ఫోన్లుండగా ఈ కాగితాలేమిటని మీ ఆయన నాగూర్ వలి గారు నవ్వుతారేమో. నీ స్నేహితురాలికి చెవులు పోతున్నాయని చెప్పు.

కుడి చెవి నిరుడే పూర్తిగా మూతపడింది. మొన్న ఒంగోలు డాక్టరు ఎడమ చెవి కూడా పరీక్ష చేసి, ఏడాది లోపు అదీ పోతుందని కాగితం మీద రాసి చూపించాడు. నోటితో చెప్తే నాకు వినపడదని రాశాడట. ఏడవాల్సిన చోట నవ్వొచ్చింది. మిషను పెట్టుకుంటే మనిషి మాట తప్ప అన్నీ వినపడతాయి. ఫ్యాను, కుక్కరు, పక్కింటి మోటారు. ఫోన్లో అయితే నువ్వు మాట్లాడినా, ఇంకెవరు మాట్లాడినా రేకుల మీద కంకర పోసినట్టే ఉంటుంది.

మా అమ్మాయి రచనకి ఇక్కడి బ్యాంకుకి బదిలీ అయింది. దాని వెంట నేనూ వచ్చి ఈ ఇసుకలో పడ్డాను. హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసిన రోజులంతా గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం మీదుగా, మార్కాపురం పలకరాళ్ల పక్కగా, మన అద్దంకి రేగళ్లు దాటుకుని సముద్రంలో కలుస్తుందని పిల్లలకి చెప్పాను. ఇప్పుడా ఏరు కలిసే చోటికి దగ్గర్లో కూర్చున్నాను. మన ఊరి ఒండ్రు కొట్టుకొచ్చి నా కాళ్లకి తగులుతుందేమోనని చూస్తే, మధ్యలో డ్యాం కట్టాక మట్టంతా అక్కడే ఆగిపోతోందట. ఇక్కడ ఇసుకే. బిందె పెడితే ఒరుగుతుంది, మొక్క పెడితే వాడుతుంది. నల్లమట్టిలో పెరిగిన కాళ్లకి ఇది నేలనిపించడం లేదు.

నాకొక్కటే కోరిక ఉంది, తీర్చు. ఈ చెవి పోయేలోగా ఒక్క రోజు ఎర్రతిప్ప మీద కల్లంలో కూర్చోవాలి. గుర్తుందా, ఊరంతా నల్లరేగడి అయినా మిరపకాయలు ఎండేది మాత్రం ఏటి పక్కన ఆ ఒక్క ఎర్ర దిబ్బ మీదే. తిప్ప ఎవరిదీ కాదు, అయినా ఎవరి చోటు వాళ్లకుండేది. గట్టు లేదు, గుర్తు లేదు, ఒకరి చోటులోకి ఇంకొకరు అడుగుపెట్టింది లేదు. మా రెండెకరాలు మీ నాన్న కౌలుకి చేసేవాడు కాబట్టి మీ చోటే మా చోటు. పురోహితుడి కూతురు కల్లం కాపలాకి పోవడమేమిటని మా అమ్మ గొణిగితే, "పిల్ల ఎండన పడితే పంచాంగం మారదులేవే" అని మా నాన్న పంపించేవాడు.

మధ్యాహ్నం ఎండకి కాయ గట్టిపడ్డాక మీ అమ్మ పాదాలతో రాశిని తిరగేస్తూ నడిచేది చూడు, అప్పుడు తిప్ప నిండా లేచే ఆ గలగల! అందరి రాశులూ ఒక్కసారి మోగేవి. నాకది వినాలనుంది. ఇంకేమీ అక్కర్లేదు. కల్లాలు ఎప్పుడు మొదలవుతాయో రాయి.

నీ
కనకం


వాగుపాలెం,
డిసెంబరు, 2024.

కనకానికి ఖుర్షిదా సలాం.

పోస్టుమ్యాను ఉత్తరమని పిలిస్తే మా అబ్బాయి ముదస్సిర్ బ్యాంకు నోటీసనుకుని హడలిపోయాడు. మీద నీ రాత చూసి గుర్తుపట్టాను. ఇంకా ఆ బడి రాతే, గీత గీసినట్టు. చెవి సంగతి చదివి ఏడ్చాను. కోడలు నస్రత్ ఏమిటత్తమ్మా అని అడిగితే, ఏడో తరగతిలో నా పక్కన కూర్చున్న పిల్లకి చెవులు పోతున్నాయంట అన్నాను.

ఇక్కడ పైరు ఫర్వాలేదు. పూత మీదుండగా నల్లపురుగు పడింది. కొట్టిన మందు మళ్లీ కొట్టాం. ఈయన ఈ ఏడు ఎకరం పత్తి తగ్గించి మిరపే వేశాడు. వద్దంటే వింటాడా. నస్రత్‌కి నెలలు నిండుతున్నాయి, సంక్రాంతి దాటాక పురుడు.

తిప్ప సంగతి అడిగావు. తిప్పకేం, ఎక్కడికి పోతుంది. నీకు అన్నీ బాగానే గుర్తున్నాయి. మా అమ్మ కాళ్లతో తిరగేసే చప్పుడు నాకూ గుర్తే. కాళ్లు మండుతున్నాయని కొబ్బరినూనె రాయించుకునేది, అది నువ్వు మర్చిపోయావు.

ఆరోగ్యం చూసుకో. రచనకి దీవెనలు. కల్లాలు ఎప్పుడనేది కాపు చూసి రాస్తాను.

ఖుర్షిదా


కొత్తపట్నం,
జనవరి, 2025.

ఖుర్షీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివించుకున్నానని రాద్దామనుకున్నాను గానీ కళ్లింకా బాగానే ఉన్నాయి, నేనే చదువుకున్నాను.

నేను అప్పుడే సంచి సర్దుకుంటున్నాను. రచన వద్దంటోంది. "ఎండలో ఆ దిబ్బ మీద ఏముందమ్మా, మిరపకాయలు ఇక్కడా దొరుకుతాయి కదా" అని పలక మీద రాసి చూపించింది. ఇంట్లో ఇప్పుడు పలక మీదే సంసారం. నేను దానికి పాఠం మొదలుపెట్టాను. నువ్వూ విను, బడి మానేశాక నీకెవరూ పాఠం చెప్పి ఉండరు.

మన తిప్ప ఎర్రన, చుట్టూ పొలాలు నల్లన. రెండూ ఎక్కడి నుంచో వచ్చిన మట్టి అనుకునేదాన్ని చిన్నప్పుడు. కాదు. రెండిటికీ అడుగున ఉన్నది ఒకటే రాయి. ఎత్తున ఉన్న చోట వాననీళ్లు నిలవకుండా దిగిపోతాయి. ఉప్పూ సున్నమూ అన్నీ కడుక్కుపోయి రాతిలోని ఇనుము తుప్పు పట్టి మిగులుతుంది. అది ఎర్ర గరుసు. ఆ కడిగిందంతా పల్లంలో చేరి, నీళ్లు నిలిచి, జిగట పట్టి, నల్లరేగడి అవుతుంది. అందుకే రేగడి వేసవిలో చేయి దూరేంత నెర్రెలు విచ్చి, వానకి ఉబ్బి, మనిషి కాలు పట్టుకుంటే వదలదు. తిప్ప మాత్రం వాన వెలిసిన గంటకే చెప్పులేసుకుని నడవచ్చు. మన తాతలు ఇదంతా చదవకుండానే కల్లాలు తిప్ప మీద పెట్టారు.

ఈ బొమ్మని రంగు సుద్దలతో బోర్డు మీద ఎన్నిసార్లు వేశానో. పైన గోధుమరంగు, కింద ఎరుపు, దాని కింద పసుపు, అట్టడుగున బూడిదరంగు రాయి. ప్రతిసారీ మన తిప్పే మనసులో ఉండేది. పిల్లలకి ఆ సంగతి చెప్పలేదు.

నస్రత్ పురుడు క్షేమంగా జరిగితే వెంటనే రాయి. మాఘమాసం వెళ్లగానే నేను బయల్దేరతాను. మన చోటులో టార్పాలిన్ పట్టా ఒకటి ఎక్కువ పరుచు. కింద కూర్చోలేను, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి చూడు. కల్లంలో కుర్చీ వేసుక్కూర్చున్న మొదటి మనిషిని నేనే అవుతాను.

కనకం


వాగుపాలెం,
ఫిబ్రవరి, 2025.

కనకానికి,

నస్రత్‌కి ఆడపిల్ల. తల్లీ బిడ్డా కులాసా. నాజియా అని పేరు పెట్టాం.

నువ్వు ఈ ఏడు రావద్దు. ఇంట్లో బాలింత ఉంది. కోతలకి కూలీలు దొరక్క నేనూ ఈయనా పొద్దున పోతే పొద్దుగూకి వస్తున్నాం. వచ్చే నెల రంజాను, ఉపవాసాలతో నీకు సరిగ్గా వండిపెట్టలేను. ఎండలు కూడా ఇప్పటి నుంచే దంచుతున్నాయి. నీ ఒంటికి పడదు.

వచ్చే ఏడు తప్పకుండా రా. దగ్గరుండి చూసుకుంటాను.

ఖుర్షిదా


కొత్తపట్నం,
మార్చి, 2025.

ఖుర్షిదా గారికి,

మనవరాలు పుట్టినందుకు సంతోషం. బిడ్డకి నా ఆశీస్సులు.

వచ్చే ఏడు రమ్మన్నావు. వచ్చే ఏడు ఏ చెవితో వినను? చెవి సంగతి నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను. ఏడ్చానని కూడా రాశావు. ఏడ్చిన మనిషివి వచ్చే ఏడని ఎలా రాయగలిగావో నాకు అర్థం కాలేదు.

నేను నీ వంట కోసం రావడం లేదు. పెరుగన్నం డబ్బాలో తెచ్చుకుని తింటాను. ఒక పూట కూర్చుని వెళ్లిపోతాను. మీ ఇంట్లో నా రాక ఎవరికైనా ఇష్టం లేకపోతే అలాగని రాయి, బాధపడను. అబద్ధం, బాధపడతాను. అయినా తెలిసుండటం మంచిది కదా.

సంచి విప్పేశాను.

కనకలక్ష్మి


వాగుపాలెం,
మార్చి నెలాఖరు.

కనకానికి,

నన్ను గారు అన్నావు. సరే, అనిపించుకోవాల్సిందే.

మా ఇంట్లో నువ్వంటే ఇష్టం లేనివాళ్లు ఎవరూ లేరు. ఈయనైతే "ఆవిడ వస్తానంటే నువ్వెందుకు వద్దంటున్నావు?" అని నా మీద కేకలేశాడు.

ఇక్కడ గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసంటారు, అట్లాగే పడింది. ఉపవాసం విడిచి నమాజుకి కూర్చున్నామో లేదో, ఆకాశం విరిగిపడ్డట్టు కురిసింది. పరుగెత్తి పట్టాలు కప్పాం. గాలికి సగం లేచిపోయాయి. ముదస్సిరూ నేనూ పట్టా కొసల మీద పడుకున్నాం. పై కాయ తడిస్తే ఆరబోసుకుంటాం, అది కాదు నా బాధ. తెల్లారి చూస్తే రాశి కింద నీళ్లు. బిందెలతో తోడిపోసినా తగ్గలేదు. అడుగు కాయ రెండ్రోజులు ఆ నీళ్లలోనే నాని బూజు పట్టింది. ఎర్రగా ఉండాల్సిన కాయ తెల్లగా తాలయిపోయింది. రెండో కోత సగం పోయినట్టే.

నువ్వు రాకపోవడమే మంచిదయింది. వచ్చుంటే ఇది చూసి పోయేదానివి.

పండక్కి ఎవరికీ కొత్త బట్టలు లేవు, నాజియాకి తప్ప.

ఖుర్షిదా


కొత్తపట్నం,
ఏప్రిల్, 2025.

ఖుర్షీ,

నీ ఉత్తరం చదివాను. పోయిన కాయ గురించి ఏం రాయను. నెలల తరబడి ఒంగి పెంచిన పంటని ఒక్క వాన ఎత్తుకుపోతే ఓదార్చే మాటలు నా దగ్గర లేవు. పట్టా కొస మీద నువ్వు పడుకోవడం తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. నీ వయసేమిటి, నీ మోకాళ్లేమిటి.

చదివి పడుకున్నాను. మర్నాడు మళ్లీ చదివాను. ఒక మాట దగ్గర ఆగిపోయాను.

మనం తొమ్మిదో తరగతిలో ఉండగా ఉగాది ముందు ఇలాగే ఒక వాన పడింది, గుర్తుందా? అందరూ తిప్ప మీదికి పరుగెత్తారు. పైన ఈతచాపలు కప్పారు. వాన ఎంత కురిసిందంటే తిప్ప నాలుగు పక్కలా ఎర్రనీళ్లు కాలవలు కట్టి చేలలోకి దూకాయి. మా నాన్న తెల్లపంచె మోకాళ్ల దాకా ఎర్రగా అయింది. వాన వెలిశాక మీ నాన్న చాప ఎత్తి రాశి కింద చేయి పెట్టి చూసి, "పంతులుగారూ, అడుగున పొడిగానే ఉందండీ" అన్నాడు. ఆ సాయంత్రానికల్లా కాయ తిరగేశారు. ఒక్క బస్తా పోలేదు.

తిప్ప మీద నీళ్లు నిలవవు ఖుర్షీ. నిలవడానికి వీల్లేదు. ఎంత వాన పడినా ఆ గరుసు తాగేస్తుంది, తాగలేనిది కిందికి తోసేస్తుంది. నువ్వేమో రాశి కింద నుంచి బిందెలతో నీళ్లు తోడామని రాశావు.

అందుకని నీ ఉత్తరాలన్నీ మళ్లీ తీసి చదివాను. తిప్పకేం, ఎక్కడికి పోతుంది అని రాశావు గానీ, తిప్ప మీద ఎండబోశామని ఎక్కడా రాయలేదు. నాకు కోపం లేదు. ఒక్క ముక్క రాయి చాలు. తిప్ప ఉందా?

నీ
కనకం


వాగుపాలెం,
ఏప్రిల్, 2025.

కనకం,

లేదు.

మూడేళ్లయింది. నీకు రాయని సంగతి ఇంకొకటుంది, అది ముందు రాస్తాను. నాజియాకి ముందు నస్రత్‌కి ఒక మగబిడ్డ. అక్టోబరు వానల్లో నొప్పులొచ్చాయి. మన ఊరి నుంచి పెద్దరోడ్డు దాకా ఆ రేగడి డొంక నీకు తెలుసు. ముదస్సిర్ ట్రాక్టరు మీద తీసుకెళ్తుంటే సగం దూరంలో చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. ఇంకో ట్రాక్టరు తెస్తే అదీ దిగింది. చివరికి మంచం మీద మోసుకెళ్లారు. అంబులెన్సు పెద్దరోడ్డు మీద నిలబడే ఉంది. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

తర్వాత ఊళ్లో వాళ్లంతా పాలకేంద్రం దగ్గర కూడారు. రోడ్డు మంజూరైందని ఏళ్ల నుంచి చెబుతున్నారు, రాలేదు. మనమే వేసుకుందామన్నారు. నల్లమట్టి మీద గరుసు పొయ్యందే రోడ్డు నిలవదు. గరుసు ఎక్కడుంది? అందరి చూపూ తిప్ప వైపే పోయింది గానీ తవ్వుదామనడానికి ఎవరికీ మనసొప్పలేదు. అందరి కల్లాలూ అక్కడే కదా. అప్పుడు నేను లేచాను. "తవ్వండయ్యా. మిరక్కాయలు ఎక్కడన్నా ఎండుతయ్యి. ముందు మనుషులు బతకాలి గదా" అన్నాను. బిడ్డ పోయిన ఇంటిదాన్ని అడ్డం చెప్పేవాళ్లెవరు? మర్నాడే ట్రాక్టర్లు పెట్టారు.

రోడ్డు మటుకే తవ్వుదామనుకున్నాం. తవ్వడం మొదలయ్యాక నా ఇంటి మెరకకి ఒక ట్రక్కు, నా పశువుల కొట్టానికి ఒక ట్రక్కు అన్నారు. వద్దని ఎవరినంటాం. మొదటి వానాకాలం పోసిన గరుసంతా నల్లమట్టి మింగేసింది. కనపడకుండా లోపలికి దిగిపోయింది. మళ్లీ పోశాం. మళ్లీ దిగింది. మూడోసారికి నిలబడింది. ఈలోగా సగం తవ్విన తిప్పని చూసి బయటి టిప్పర్లు వచ్చాయి. అడిగితే పర్మిషనుందన్నారు. మిగిలింది వాళ్లు ఎత్తుకెళ్లారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఇప్పుడక్కడ గొయ్యి.

కనకం, తప్పు చేశానని రాయడం లేదు. ఈ జనవరిలో అంబులెన్సు మా గడప దాకా వచ్చింది. నాజియా ఆసుపత్రిలో పుట్టింది. ఆ రోజు మళ్లీ వచ్చినా పాలకేంద్రం దగ్గర నేను అదే మాట అంటాను. కానీ నువ్వు తిప్ప తిప్ప అని రాస్తుంటే, దాన్ని తవ్వమన్నది నేనేనని ఎట్లా రాయను? తిప్ప లేదంటే నువ్విక ఎప్పటికీ రావేమోనని ఒక భయం. తవ్వించింది నేనని తెలిస్తే మళ్లీ ఉత్తరమే రాయవేమోనని ఇంకో భయం. నీ చెవి ఆగదని తెలిసీ వచ్చే ఏడని రాశాను.

ఇప్పుడు ఊరందరం రోడ్డు మీదే ఎండబోస్తున్నాం. ఊళ్లో గట్టినేల అదొక్కటే. మా ఇంటి ముందు రోడ్డు కాస్త కుంగింది, అక్కడే నీళ్లు నిలిచాయి. చివరి కోత కాయ ఇంకా ఉంది. నీకు రావాలనుంటే ఇప్పుడే రా.

ఖుర్షీ


కొత్తపట్నం,
ఏప్రిల్, 2025.

పిచ్చిదానా,

ఆ బిడ్డ సంగతి నాకెందుకు చెప్పలేదే? అప్పటికి నాకు రెండు చెవులూ ఉన్నాయి, ఫోనూ ఉంది. నువ్వు ఏడుస్తుంటే వినడానికైనా పనికొచ్చేదాన్ని.

తవ్వమన్నందుకు నీ మీద నాకేమీ లేదు. నేనక్కడుంటే నేనే ముందు లేచి అనేదాన్నని గొప్పలు చెప్పుకోను. నాకంత గుండె లేదు, గొణుక్కుంటూ కూర్చునేదాన్ని. తిప్ప పోయిందని ఏడ్చాను, అది మాత్రం నిజం. రచన మంచినీళ్లు తెచ్చిచ్చింది. తాగి మళ్లీ ఏడ్చాను. నా చిన్నతనం మొత్తం ఆ దిబ్బ మీదే ఉంది, ఏం చేయను.

ఈ సోమవారం ఒంగోలు మీదుగా అద్దంకి బస్సులో వస్తున్నాను. ముదస్సిర్‌ని పెద్దరోడ్డు దగ్గర ఉండమను. రోడ్డు మీద కాయ ఉంటే బండి లోపలికి తేవద్దు, నడిచి వస్తాను. ఎవరి కాయా తొక్కను, నాకు అంచున నడవడం వచ్చు.

కనకం


వాగుపాలెం,
మే, 2025.

కనకం,

నువ్వు క్షేమంగా చేరావని రచన ముదస్సిర్‌కి ఫోన్ చేసి చెప్పింది. నువ్వు తెచ్చిన చేపలపచ్చడి ఈయనే మొత్తం ఖాళీ చేశాడు. ముట్టుకోకుండా మూత బిగించుకుని తెచ్చావు, నీ మడీ నీ స్నేహమూ రెండూ గొప్పవే.

నువ్వు వెళ్లినప్పటి నుంచి నాకు ఒకటే కళ్ల ముందుంది. నీ ఎడమ చెవి దగ్గర కాయ పెట్టి ఊపాను. నువ్వు తల అడ్డంగా ఊపావు. గుప్పెడు తీసి ఊపాను. మళ్లీ అంతే. చెప్పులు విడిచి మా అమ్మలాగా రాశిలో ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాను. గింజలు గలగలమంటున్నాయి, నాకు వినపడుతున్నాయి. నువ్వు కుర్చీలో కూర్చుని నా కాళ్ల వంక చూస్తున్నావు.

ఫిబ్రవరిలో రానిచ్చుంటే వినేదానివేమో. తిప్పని తవ్వమన్నందుకు నాకు బాధ లేదు. నిన్ను రావద్దన్నందుకు మాత్రం నన్ను నేను క్షమించుకోలేకుండా ఉన్నాను. నస్రత్ కూడా ఊరుకోమంటోంది. ఊరుకోలేను.

ఖుర్షీ


కొత్తపట్నం,
మే, 2025.

ఒసే ఖుర్షీ,

ఏడుపు ఆపి ఇది చదువు.

నిన్న రచనతో ఒంగోలు వెళ్లి డాక్టర్ని అడిగాను. చెవి పోయేటప్పుడు సన్నటి చప్పుళ్లు ముందు పోతాయట, లావు చప్పుళ్లు చివరన పోతాయట. పిట్టల కూత, గాజుల చప్పుడు, మిరపగింజల మోత, ఇవన్నీ నాకు నిరుడే పోయాయని పరీక్ష కాగితంలో గీత గీసి చూపించాడు. ఫిబ్రవరిలో వచ్చినా నాకు వినపడేది కాదు. నీకు మొదటి ఉత్తరం రాసిన రోజుకే వినపడదు. అది నాకు తెలియదు, అంతే. అందుకని ఆ నేరం నీ మీద వేసుకోకు. నేను ఓదార్పుకి రాస్తున్నాననుకుంటావని ఆ కాగితం జిరాక్సు దీంట్లో పెడుతున్నాను.

ఇప్పుడు నా మాట విను. మన ఊరు వచ్చి నేనేం కోల్పోయానో నువ్వు రాశావు. నాకేం దొరికిందో నేను రాస్తాను.

మొదట ఆ గొయ్యి. నన్ను అటు తీసుకెళ్లడానికి నువ్వు జంకావు. నేనే పట్టుబట్టి వచ్చాను. గొయ్యి అంచున గోడలా నిలబడి ఉంది చూడు, మిగిలిన తిప్ప ముక్క, దాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. పైన బెత్తెడు గోధుమరంగు మట్టి, గడ్డివేళ్లు. కింద ఎర్రగరుసు. దాని కింద పసుప్పచ్చగా, చేత్తో నలిపితే రాలిపోయే పుచ్చురాయి. అట్టడుగున బూడిదరంగు. నా బోర్డు మీది బొమ్మ! జీవితమంతా బొమ్మ గీశాను గానీ నేల కడుపు ఎప్పుడూ చూడలేదు. ఏడుపూ వచ్చింది, సంతోషమూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడమేమిటని సిగ్గుపడి నీకు చెప్పలేదు. తిప్ప ఉన్నన్నాళ్లూ దాని మీద కూర్చున్నాను, పోయాక లోపల ఏముందో చూశాను.

తర్వాత రోడ్డు. మీ గడప ముందు నుంచి పెద్దరోడ్డు దాకా కాయ పరిచి ఉంటే ఎవరి చోటులో వాళ్లు పట్టా వేసుక్కూర్చున్నారు. గట్టు లేదు, గుర్తు లేదు. ఖాజావలి ఇంటి చోటు తర్వాత మీ చోటు, ఆ తర్వాత కమ్మరి వాళ్లది. తిప్ప మీద ఎవరి పక్కన ఎవరుండేవాళ్లో రోడ్డు మీదా అదే వరస. మీరెవరైనా కూర్చుని అలా నిర్ణయించుకున్నారా? నేనడిగితే నువ్వు "ఏమో, ఎవరి చోటు వాళ్లకి తెలుసుగా" అని పలక మీద రాశావు. నాకు మాత్రం నా తిప్ప కనపడింది. నిలబడి ఉండేది, ఇప్పుడు పడుకుంది.

ఇక చివరిది. నువ్వు రాశిలో నడుస్తూ నా మొహంలోకి చూస్తూ, నేను తల అడ్డంగా ఊపుతూ ఉన్నామా. నీ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అప్పుడే బైకు మీద ఒకడు అంచున కాయ తొక్కించుకుంటూ వచ్చాడు. నువ్వు కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయి వాడి మీదికి లేచావు.

"ఒరేయ్! కళ్లు నెత్తికెక్కినయ్యా నీకు? కాయ కనపట్లా? ఎండలో మాడి ఆరబోసింది నువ్వు బండేసుకుని తొక్కటానికా? దిగు! దిగి నడిపించుకుపో! నీ బండి తీసకపోయి ఏట్లో పారేస్తా, ఏమనుకున్నావో!"

వాడు దిగాడు. బండి నడిపించుకుంటూ పోయాడు. నేను కుర్చీలో కూర్చుని మొహం చీరచెంగుతో కప్పుకుంటే నువ్వు ఏడుస్తున్నాననుకుని వచ్చి భుజం పట్టుకున్నావు. నేను నవ్వుతున్నాను ఖుర్షీ. ప్రతి మాటా వినపడింది. మిషను తీసి ఒళ్లో పెట్టుకుని ఉన్నాను, అయినా వినపడింది. మా అమ్మాయి మాట నాకు వినపడదు. డాక్టరు మాట వినపడదు. నీ తిట్లలో ఒక్క అక్షరం పోలేదు.

రచనకి చెప్తే, "అయితే ఇకనుంచి నేనూ తిట్టనా?" అని పలక మీద రాసింది. నీకు చేతకాదు, దానికి రేగడి ఊళ్లో పుట్టాలి అన్నాను.

వచ్చే ఏడు కల్లాలకి మళ్లీ వస్తాను. అప్పటికి ఈ చెవీ పోతే ఏమీ కాదు. నా కుర్చీ నీకు ఎదురుగా వెయ్యి. ఎవడో ఒకడు కాయ తొక్కక మానడు. నువ్వు వాణ్ని తిట్టు, నేను నీ మొహం చూస్తూ కూర్చుంటాను.

నీ
కనకం